వాటా కొన్నవాడు స్వామి అవుతాడా?

“సంచి కొనవద్దు, ఆ సంచి చేసే సంస్థలో వాటా కొను.” చదువుకున్న పిల్లల నోట, వారి రాతలలో ఈ నడుమ తరచుగా వినబడుతున్న హితోపదేశమిది. చూడబోతే సుభాషితంలాగే ఉంది. ఆ సంచి మన సంతలో దొరికే గుడ్డసంచి కాదని మిత్రులకు వేరే చెప్పనక్కరలేదు. పారిస్ నగరంలో హెర్మెస్ వారిదో, లూయీ విటాన్ వారిదో, మిలాన్ నగరంలో ప్రాడా వారిదో తోలుసంచి. వాటిలో కొన్నింటి వెలతో మన పల్లెలలో ఒక చిన్న ఇల్లు లేస్తుంది. అంత డబ్బు సంచికి తగలేసేవాడు అవివేకి అనీ, అదే డబ్బుతో ఆ సంస్థ వాటాలు కొన్నవాడు వివేకి అనీ, పైపెచ్చు అతడు ఆ సంస్థకు ‘యజమాని’ అయిపోయాడనీ ఈ ఉపదేశ సారాంశం. మొదటి మాటతో నాకు పేచీ లేదు. తక్కిన రెండింటితోనే.

ఆ వాటాలు కొంటే నష్టపోతారని చెప్పడానికి నేనీ టపా వ్రాయడం లేదు. హెర్మెస్ వాటా 2010 అక్టోబరు ముందు రెండు వందల యూరోలకు లోపే ఉండేది. 2025 ఆరంభంలో అది రెండువేల అయిదు వందలు దాటింది. మధ్యలో కొని దాచుకున్నవారు లాభపడ్డారు. కాదనడానికి నేనెవరిని? ఇదే వర్గానికి చెందిన కేరింగ్ సంస్థ వాటా (గుచ్చి వీరిదే) 2021లో ఏడు వందల యూరోలు దాటి, 2025లో రెండు వందలకు దిగువకు జారిందన్నది కూడా అంతే నిజం. లాభనష్టాలు బజారు ధర్మం. నా తగవు మాటతో. తెలుగు చెప్పుకుని బతికినవాడిని కనుక మాట తప్పుగా వాడితే ఊరుకోలేను. ఈ విషయంలో మాట తప్పితే డబ్బు కూడా తప్పుదారి పడుతుంది.

మేము చదువుకున్న రోజులలో షష్ఠీ విభక్తి చెప్పేటప్పుడు గురువులు సంబంధాలను విడదీసి చూపేవారు. ‘రాజుగారి కోట’ అంటే స్వస్వామి భావ సంబంధం. ‘చెట్టు కొమ్మ’ అంటే అవయవావయవి భావం. ‘దశరథుని కొడుకు’ అంటే జన్యజనక భావం. విభక్తి ఒక్కటే, సంబంధాలు వేరు. ‘మా ఊరు’ అన్న ప్రతివాడూ ఊరికి మునసబు కాడు. ‘మా బడి’ అని మూడు దశాబ్దాలు చెప్పుకున్న నేను బడికి యజమానిని కాను, అక్కడి సుద్దముక్క మీద కూడా నాకు హక్కు లేదు. మరి ‘మా కంపెనీ’ అని ఒక వాటా కొన్నవాడు అన్నప్పుడు అది ఏ సంబంధం?

స్వామి శబ్దాన్ని పాణిని ఐశ్వర్యమనే అర్థంలో సాధించాడు. ఐశ్వర్యమంటే మన వాడుకలో సిరిసంపదలు, మేడలు, నగలు. శబ్దార్థం మాత్రం ఈశ్వరుని భావం, అనగా శాసించగలిగి ఉండడం. ‘ఇది ఇలా జరగాలి’ అంటే జరగడం, ‘వద్దు’ అంటే ఆగడం. అది ఉన్నవాడు స్వామి. వాటాదారు అనే మాటలోని ‘దారు’ పారసీకం నుండి వచ్చింది. కలిగినవాడు, చేత పట్టుకున్నవాడు అని దాని భావం. వాటా చేతిలో ఉన్నవాడు వాటాదారు. భాగంతోపాటు స్వామిత్వం కూడా ఉన్నవాడు భాగస్వామి. మన తెలుగులో ఈ రెండు మాటలూ వేరువేరుగా ఉన్నాయి. ఆ భేదం వ్యాకరణ పండితుల చాదస్తం కాదు. ఫ్రెంచివారి కంపెనీ చట్టంలో అది అక్షరాలా ఉన్నది, పైగా మన చర్చనీయాంశమైన హెర్మెస్ సంస్థలోనే ఉన్నది.

హెర్మెస్ చరిత్ర కొంత చెప్పుకోవాలి. 1837లో తియెరీ హెర్మెస్ అనే పనివాడు పారిస్‌లో గుర్రాల జీనుసామగ్రి, పట్టెడలు కుట్టే కార్ఖానా పెట్టాడు. గుర్రపుబగ్గీల కాలం పోయి మోటారుకార్ల కాలం వచ్చాక ఆ కుట్టుపనితనాన్నే ప్రయాణపు సంచులకూ, చేతిసంచులకూ మళ్లించారు. జేన్ బిర్కిన్ అనే నటి పేరు పెట్టిన సంచి 1984 నాటిది. ఆమె కోసం చేసిన మొట్టమొదటి సంచిని 2025 జూలైలో పారిస్‌లో వేలం వేస్తే ఎనభై అయిదు లక్షల యూరోలకు పైగా పలికింది. (వాడి వాడి గీతలు పడిన సంచి సుమండీ!) ఆ కుటుంబం సంస్థ వాటాలను 1993లో పారిస్ వాటాబజారులో అమ్మకానికి పెట్టింది. అయితే పెట్టేముందే తలుపులకు గడియలు వేసుకుంది.

ఆ గడియ ఏమిటంటే, హెర్మెస్ మామూలు కంపెనీ కాదు. ‘సొసియెతె ఆన్ కొమాందీత్ పార్ అక్సియోన్’ అనే రూపంలో ఏర్పడిన సంస్థ. ఇందులో రెండు వర్గాలు. మొదటి వర్గం భాగస్వాములు. సంస్థ అప్పులకు వారే హద్దు లేకుండా బాధ్యులు, సంస్థను నడిపేవారిని నియమించేదీ తొలగించేదీ వారే. రెండవ వర్గం వాటాదారులు. వీరి బాధ్యత పెట్టిన డబ్బు వరకే, వీరి హక్కు కూడా దానికి తగినట్టే. లాభంలో పంపకం పుచ్చుకోవచ్చు, లెక్కలు ఆమోదించవచ్చు, పర్యవేక్షణ మండలి సభ్యులను ఎన్నుకోవచ్చు. సంస్థను నడిపేవాణ్ణి మార్చే అధికారం వీరికి లేదు. హెర్మెస్‌లో ఆ భాగస్వామి స్థానంలో ఉన్నది ‘ఎమీల్ హెర్మెస్’ అనే మరొక సంస్థ. అందులో సభ్యత్వం ఎమీల్ మోరీస్ హెర్మెస్ వంశీకులకూ, వారి జీవిత సహచరులకూ మాత్రమే. అనగా బజారులో దొరికే వాటాలన్నీ ఒక్కడే కొని బస్తాలకెత్తినా వాడు వాటాదారుగానే మిగులుతాడు. ఫ్రెంచివారు చట్టంలో వ్రాసుకున్న భేదాన్ని, తెలుగులో రెండు మాటలుండి కూడా మనం ఎందుకు చెరిపివేస్తున్నాం?

“ఇదంతా కాగితం మీది మాట, బజారులో డబ్బే శాసిస్తుంది” అనేవారుంటారు. దీనికి కాగితం మీద కాదు, బజారులోనే పరీక్ష జరిగింది.

బెర్నార్ అర్నో గారి పేరు వినని వాటాప్రియులుండరు. 1984లో దివాలా తీసిన బూసాక్ వస్త్ర సంస్థను చేజిక్కించుకుని, అందులోని మగ్గాల మిల్లులను వదిలించుకుని, క్రిస్టియన్ డియోర్ అనే పేరును అట్టిపెట్టుకున్నవాడాయన. మిల్లులతోపాటు వేలాది పనివారు కూడా వదిలిపోయారు. తరువాత 1987లో ఏర్పడిన ఎల్.వి.ఎం.హెచ్. సంస్థ పగ్గాలు 1989 నాటికి ఆయన చేతికి వచ్చాయి. అంతటివాడు హెర్మెస్ మీద కన్నువేశాడు. ఫ్రాన్సులో ఒక సంస్థ వాటాలు నూటికి అయిదు మించి కొంటే బహిరంగంగా ప్రకటించాలి. అందుకని వాటాలు నేరుగా కొనకుండా, బ్యాంకులతో ‘ఈక్విటీ స్వాప్’ అనే ఒప్పందాలు చేసుకున్నారు. వాటాలు బ్యాంకుల దగ్గర ఉంటాయి, వాటి ధర హెచ్చుతగ్గుల ఫలితం మాత్రం వీరికి చెందుతుంది. గడువు తీరినప్పుడు డబ్బు పుచ్చుకోవలసిన ఒప్పందాలను వాటాలు పుచ్చుకునేట్టు మార్చుకున్నారు. 2010 అక్టోబరు 23వ తేదీ, శనివారం నాడు, హెర్మెస్‌లో తమకు 14.2 శాతం ఉన్నదనీ, అది 17.1 శాతానికి చేరుతుందనీ ప్రకటించారు. కుటుంబం ఉలిక్కిపడింది. ఆ తరువాత కూడా కొంటూపోయి 23 శాతం పైకి చేరారు.

కుటుంబం ఏం చేసింది? అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, వారి పిల్లలు తమ వాటాలన్నీ కూడగట్టి ‘హెచ్ 51’ అనే సంస్థను 2011లో నిలబెట్టారు. మొత్తం వాటాలలో సగానికి మించి అందులో పెట్టి, ఇరవై ఏళ్లపాటు బయటివారికి అమ్మరాదని కట్టు కట్టుకున్నారు. న్యాయస్థానాలకు ఎక్కారు. ఫ్రాన్సు వాటాబజారు నియంత్రణ సంస్థ 2013లో ఎల్.వి.ఎం.హెచ్. వారికి ఎనభై లక్షల యూరోల జరిమానా విధించింది. చివరకు 2014 సెప్టెంబరులో పారిస్ వాణిజ్య న్యాయస్థానం అధ్యక్షుని మధ్యవర్తిత్వంతో రాజీ కుదిరింది. ఎల్.వి.ఎం.హెచ్. తన దగ్గరి హెర్మెస్ వాటాలను తన వాటాదారులకు పంచివేసి, అయిదేళ్లపాటు మళ్లీ కొననని ఒప్పుకుంది.

చూశారు గదా. యూరపులోకెల్లా ధనవంతుడు, నూటికి ఇరవైమూడు వాటాలు చేతబట్టుకుని, నాలుగేళ్లు ఆ గుమ్మం ముందు నిలబడి, లోపల ఒక్క కుర్చీ కూడా సంపాదించలేకపోయాడు. ఆయనకు డబ్బు మాత్రం దండిగా వచ్చింది, ఎందుకంటే వాటా ధర పెరిగింది. అదే నేననేది. లాభం వచ్చింది, స్వామిత్వం రాలేదు. అర్నో గారికే దక్కని స్వామిత్వం, చరవాణిలో వేలితో మీటి ఒక్క వాటా కొన్న మన గుంటూరు కుర్రవానికి ఎక్కడినుండి దక్కుతుంది?

కుటుంబం చేసినది తప్పని నేననను. తాతలు కట్టిన ఇంటిని కాపాడుకున్నారు. హెర్మెస్ తన సంచులను ఎక్కువభాగం ఫ్రాన్సులోని కార్ఖానాలలోనే, ఒక్కొక్క సంచిని సాధారణంగా ఒక్క పనివాడే మొదటినుండి చివరిదాకా కుట్టేట్టు చేయిస్తుంది. పనివారికి కూడా పలుమార్లు ఉచితంగా వాటాలు పంచింది. ఈ పద్ధతి నిలవడానికి బయటివాణ్ణి గుమ్మం బయటే ఉంచిన ఆ ఏర్పాటు ఒక కారణమని నా నమ్మకం. ఇందులోని విచిత్రం వాటాప్రియులు గమనించాలి. మీరు కొన్న వాటాకు ఆ విలువ వచ్చింది, మీ వంటివారికి అధికారం ఇవ్వకపోవడం వలననే!

తక్కిన సంస్థల సంగతి క్లుప్తంగా. ఎల్.వి.ఎం.హెచ్.లో అర్నో కుటుంబానికి మూలధనంలో సుమారు సగమే ఉన్నా, ఓట్లలో మూడింట రెండు వంతుల దరిదాపు ఉన్నాయి. మూడేళ్లపాటు తమ పేర నమోదై ఉన్న వాటాలకు రెట్టింపు ఓటు ఉండడం దీనికి కారణం. ప్రాడా 2011లో హాంకాంగ్ బజారుకు వచ్చింది. నూటికి సుమారు ఎనభై వాటాలు కుటుంబానివే. షనెల్ వారు అసలు బజారుకే రాలేదు, ఇంట్లోనే ఉంచుకున్నారు, అదొక నిజాయితీ. ఇక గుచ్చి కథ ఉంది. 1999లో ఇదే అర్నో గారు ముప్పైనాలుగు శాతం కొని మీద పడితే, గుచ్చి నిర్వాహకులు కొత్త వాటాలు పుట్టించి ముందు పనివారి నిధికీ, తరువాత పినో గారి సంస్థకూ ఇచ్చారు. పినో గారు మూడు వందల కోట్ల డాలర్ల దాకా పోసి నలభై శాతం పుచ్చుకున్నారు. అర్నో గారి ముప్పైనాలుగు కాస్తా కరిగి సుమారు ఐదోవంతు అయింది. పాలలో నీళ్లు పోసినట్టు వాటాలో వాటా పోయవచ్చునన్నమాట. పెద్దల పోరులో మధ్య ఉన్న చిన్న వాటాదారును ఎవరూ అడగలేదు.

ఇక్కడ ఒక ఆక్షేపం వస్తుంది, అది బలమైనదే. “మాస్టారూ, మన దేశపు సంస్థలలో మాత్రం చిన్న వాటాదారు మాట చెల్లుతున్నదా? పారిస్‌నే ఎందుకు ఆడిపోసుకుంటారు?” చెల్లడం లేదు, ఒప్పుకుంటాను. అయినా తారతమ్యం ఉన్నది. మన 2013 కంపెనీల చట్టం ప్రకారం ఓటుహక్కున్న మూలధనంలో పదోవంతు కలవారు కలిసి అసాధారణ సమావేశం పెట్టమని అడగవచ్చు. ఓట్లు కూడగట్టగలిగితే డైరెక్టరును తొలగించవచ్చు. ఎక్కడానికి కష్టమైనా నిచ్చెన ఉన్నది. హెర్మెస్ వంటి ఏర్పాటులో ఆ నిచ్చెనే లేదు. ఇక మనవారు చాలామంది పారిస్ బజారులో నేరుగా కొనరు, కొనడం సులువు కాదు. అమెరికా బజారులో ఆ వాటాలకు బదులుగా చెలామణి అయ్యే నిక్షేపపత్రాలు కొంటారు. ఎల్.వి.ఎం.హెచ్. పత్రమైతే అది ఒక వాటాలో ఐదోవంతు. సంస్థ ప్రమేయం లేకుండా బ్యాంకులే జారీచేసే ఇటువంటి పత్రాలకు సాధారణంగా ఓటు కూడా అందదు. వాటాకు నీడ, నీడలో ఐదోవంతు. దాన్ని పట్టుకుని ‘యజమాని’నంటే ఏమనాలి? ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఇప్పుడు వివేకం సంగతి. సంచి కొన్నవాడు డాబుకు పోయాడు, వాటా కొన్నవాడు పొదుపరి అంటున్నారు గదా. ఈ మాట నన్ను మొదటిదానికన్నా ఎక్కువ బాధపెడుతున్నది.

డాబుసరి వస్తువుల వ్యాపారానికి ఒక విలక్షణమైన ధర్మం ఉన్నది. బియ్యం ధర పెరిగితే కొనేవాడు తగ్గించుకుంటాడు. ఈ సంచి ధర పెరిగితే దాని గౌరవమే పెరుగుతుంది, ఎందుకంటే నలుగురికీ అందకపోవడమే అక్కడ అమ్ముడుపోయే సరుకు. 1899లోనే వెబ్లెన్ అనే అమెరికా పండితుడు తీరికవర్గాన్ని గురించి వ్రాసిన గ్రంథంలో ఈ పోకడను విప్పి చెప్పాడు. కనుక ఈ సంస్థల లాభానికి మూలం తోలు కాదు, దారం కాదు, తోటివాడికన్నా పైన కనబడాలన్న ఆరాటం. వాటా కొన్నవాడు ఆ ఆరాటం మీద పంట వేసినవాడు. ఊళ్లో ఎవరూ తాగకూడదని ఉపన్యసిస్తూ సారా దుకాణంలో భాగం పెట్టినవాణ్ణి పొదుపరి అంటామా? తాను కొననని చెప్పేవాడు, తక్కిన లోకమంతా ఇంకా ఇంకా కొనాలని ప్రతి ఉదయం కోరుకోవలసి వస్తుంది. అవివేకి అని ఎవణ్ణి వెక్కిరించాడో వాడి అవివేకమే ఇతడి జీవనాధారం. వాడు బుద్ధి తెచ్చుకున్న రోజున ఇతడి వాటా పడిపోతుంది.

అలాగే జరిగింది కూడా. సంస్థలు ఏటేటా ధరలు పెంచుకుంటూ పోగా, గత రెండేళ్లలో సుమారు అయిదు కోట్లమంది కొనుగోలుదారులు ఈ బజారు నుండి తప్పుకున్నారని బెయిన్ సంస్థ 2024లో లెక్క చెప్పింది. చైనాలో గిరాకీ మందగించింది. గుచ్చి అమ్మకాలు 2024లో నూటికి ఇరవైకి మించి పడ్డాయి. 2023 ఏప్రిల్‌లో అయిదు వందల బిలియన్ డాలర్ల విలువకు చేరిన తొలి యూరపు సంస్థగా కీర్తికెక్కిన ఎల్.వి.ఎం.హెచ్., రెండేళ్లు తిరిగేసరికి 2025 ఏప్రిల్‌లో కొద్దికాలం హెర్మెస్ కన్నా వెనకబడింది. అమ్మకాలలో అది హెర్మెస్‌కు అయిదింతలకు పైన ఉండి కూడా! మామూలు మనుషులు అప్పుచేసి సంచులు కొనడం మానుకున్నారన్న వార్త నావంటివాడికి శుభవార్త. వాటాదారుకు అది అశుభవార్త. ఇటువంటి స్థితిలో మనిషిని నిలబెట్టే పొదుపును వివేకమనడానికి నాకు నోరు రాదు.

లాభానికి రెండవ మూలం కూలి. 2024 జూన్‌లో మిలాన్ న్యాయస్థానం డియోర్ సంచులు తయారుచేయించే ఒక అనుబంధ సంస్థను న్యాయపర్యవేక్షణ కింద ఉంచింది. ఉపగుత్తేదారుల కార్ఖానాలలో పనివారిని దోచుకుంటుంటే ఆ సంస్థ పట్టించుకోలేదన్నది కారణం. రెండువేల ఆరువందల యూరోలకు అమ్మే ఒక సంచిని కూర్చినందుకు గుత్తేదారుకు ముట్టినది యాభైమూడు యూరోలని విచారణలో తేలింది. తోలు మొదలైన సరుకు ఖర్చు ఇందులో చేరలేదు, ఆ మాట కూడా చెప్పాలి. కొన్నాళ్లకు పద్ధతులు దిద్దుకున్నారని 2025లో పర్యవేక్షణ ఎత్తివేశారు. 2024 ఏప్రిల్‌లో అర్మానీ వారి సంస్థకు ఇదే గతి పట్టింది, 2025 జూలైలో లోరో పియానాకు పట్టింది. ‘యజమాని’నని చెప్పుకునే మన వాటాదారుకు ఆ కార్ఖానాలో ఏం జరుగుతున్నదో తెలియదు, తెలిసినా ఆపలేడు. లాభంలో పంపకం మాత్రం వచ్చి చేరుతుంది. శాసించలేనివాడు ఫలం అనుభవించడాన్ని ఏమనాలో మన ధర్మశాస్త్రాలు చదివినవారు చెప్పాలి.

దీనికి మన గోదావరి జిల్లాల్లోనే ఒక పాఠం ఉన్నది. నరసాపురం లేసు అల్లికను పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు అక్కడి స్త్రీలకు నేర్పారు. ఆ అల్లిక విదేశాలకు ఎగుమతి అయింది, వర్తకులు మేడలు కట్టారు. మరియా మీస్ అనే జర్మన్ విదుషి ఆ ప్రాంతానికి వచ్చి పరిశోధించి 1982లో ఒక గ్రంథం ప్రచురించింది. రోజుకు ఎన్నో గంటలు అల్లే ఆ ఆడవారిని ‘ఇల్లాళ్లు’ అని లెక్కవేసి, వారి పనిని తీరికవేళ కాలక్షేపంగా జమకట్టడం వలననే అంత తక్కువ కూలి సాగిందని ఆమె వాదం. చూడండి, ఇక్కడ కూడా ఒక మాటే! పనివారిని పనివారు అనకుండా ఇల్లాళ్లు అన్నారు, కూలి తగ్గింది. ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. 2025 జూన్‌లో ప్రాడా వారు మిలాన్ వేదిక మీద మన కొల్హాపురీ చెప్పులవంటివి పేరు చెప్పకుండా ప్రదర్శించి, గోల అయ్యాక వాటి మూలం భారతదేశమని ఒప్పుకున్నారు. ఆ గోలలో ఆవేశపడినవారిలో ప్రాడా వాటాలున్న భారతీయులు కూడా ఉండే ఉంటారు. వారు తమ ‘సొంత’ సంస్థను సంజాయిషీ అడిగారేమో విచారించవలసింది!

ఇంత పరుషంగా వ్రాస్తున్నందుకు కారణం ఉన్నది. నాకు పాత పద్ధతి పెన్షను వస్తుంది, నెల తిరిగేసరికి బ్యాంకులో పడుతుంది. 2004 సెప్టెంబరు 1 తరువాత ఉద్యోగంలో చేరిన ఉపాధ్యాయులకు ఆ భరోసా లేదు. వారి జీతంలో కోసిన సొమ్ము బజారు మీదనే ఆధారపడుతుంది. నా దగ్గర చదువుకుని నా కుర్చీలోనే కూర్చున్నవారు వారిలో ఉన్నారు. వారు బజారు గురించి ఆలోచించడం దురాశ కాదు, అవసరం. “మీకేమండీ, పెన్షను తీసుకుంటూ వైరాగ్యం చెబుతారు” అని వారిలో ఒకరు అననే అన్నారు. న్యాయమైన మాటే. అందుకనే వారిని బజారుకు పోవద్దని అనడం లేదు. భయంతో ఉన్నవారికి ‘యజమాని’ అన్న తియ్యని మాట ఎరవేసి, తాము ఎన్నడూ చూడని ఊళ్లో, తాము ఎన్నడూ కొనని వస్తువు మీద, తమకు అధికారం లేని సంస్థలో డబ్బు పెట్టించడాన్ని మాత్రం తప్పుపడుతున్నాను. సరుకు మంచిదైతే ఉన్న పేరుతో అమ్మవచ్చు గదా. వాటా అని అమ్మండి, లాభంలో పంపకం అని అమ్మండి. ధర పెరుగుతుందేమోనన్న ఆశ అని అమ్మినా నిజాయితీగానే ఉంటుంది.

“మరి కొనవచ్చా, కూడదా?” అని సూటిగా అడిగే మిత్రులుంటారు. అది మీ ఇష్టం, మీ కష్టార్జితం. రిజర్వు బ్యాంకు 2004లో ఇరవై అయిదు వేల డాలర్లతో మొదలుపెట్టిన సదుపాయం 2015 నుండి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పెరిగింది కనుక చట్టం అడ్డుచెప్పదు. 2025 ఏప్రిల్ నుండి ఉన్న నిబంధన ప్రకారం, ఏడాదిలో పది లక్షల రూపాయలు దాటి ఇలా పెట్టుబడికి పంపితే దాటిన మొత్తం మీద నూటికి ఇరవై బ్యాంకువారు ముందే పన్నుగా పట్టుకుంటారు. అది తరువాత మీ పన్నులో సర్దుబాటు అవుతుంది. రూపాయి, యూరో, డాలరు మారకపు ధరలు వేరే బెడద. ఆదాయపు పన్ను పత్రంలో విదేశీ ఆస్తుల పట్టిక నింపడం మాత్రం మరువవద్దు. ఒక్క వాటా ఉన్నా నింపాలి. ఆ పట్టికలో దేశం పేరు, సంస్థ పేరు, విలువ అడుగుతారు. సంస్థకు మీరు యజమాని అయిన తేదీ అని ఎక్కడా అడగరు. ‘ఇంటరెస్ట్’ కలిగిన తేదీ అని అడుగుతారు.